బొంత బెజవాడలో, బడి మలావీలో: మధ్యలో డబ్బు ఏ దారిన వెళ్తుంది?

"ఈ బొంత కొంటే ఆఫ్రికాలో ఒక అమ్మాయి బడికి వెళ్తుంది." అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో, కాలేజీ ఫెస్ట్ స్టాల్ మీదో ఇలాంటి పోస్టర్ కనిపిస్తే చూసినవాళ్లకు ముందు మంచి మాటే అనిపిస్తుంది. వెంటనే అనుమానాలూ మొదలవుతాయి. ఇక్కడ ఫోన్‌పేలో కట్టిన డబ్బు అక్కడికి ఎలా చేరుతుంది? పంపడానికి చట్టం ఒప్పుకుంటుందా? మూడున్నర వేల రూపాయల బొంతలో అమ్మాయికి దక్కేదెంత? ఆ డబ్బేదో ఇక్కడి పిల్లలకే ఇవ్వొచ్చు కదా?

"విదేశాల్లో ఆడపిల్లల చదువు" అనగానే విజయవాడ, గుంటూరుల్లో చాలామందికి మనమ్మాయిల అమెరికా ఎమ్మెస్సే గుర్తొస్తుంది. ఈ వ్యాసం దాని గురించి కాదు. ఇక్కడివాళ్లు బొంతో, బొమ్మో, క్యాలెండరో, నాట్య ప్రదర్శనో తయారుచేసి, వచ్చిన డబ్బుతో మరో దేశంలోని ఆడపిల్లలను చదివించే ప్రయత్నాల గురించి.

క్లుప్తంగా

ఇలాంటి ప్రాజెక్టుల్లో వస్తువు తయారీ తేలికైన భాగం. కూలి సరిగ్గా ఇస్తే మిగిలేది తక్కువ కాబట్టి ధర నిలబెట్టే నాణ్యత ముఖ్యం. మన దేశం నుంచి విరాళం బయటికి పంపడానికి వ్యక్తులకు దారి ఉంది. ట్రస్టులకు అది ఇరుకు, పన్ను రాయితీ దాదాపు లేదు. చదువు కొన్నేళ్ల ఖర్చు, అమ్మకం ఒక సీజన్ సంగతి. ఎక్కువ ప్రాజెక్టులు ఆగిపోయే చోటు ఈ తేడాయే.

జోలె పట్టడం నుంచి టికెట్టు అమ్మడం దాకా

కళను అడ్డుపెట్టి డబ్బు కూడబెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ సహా సినిమావాళ్లు జోలె పట్టి వీధుల్లో తిరిగారు. జనం వాళ్లను చూడటానికి వచ్చి డబ్బులు వేశారు. అంతకు చాలా ముందు, 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. గడువు జూన్ 30. అంకె, తేదీ రెండూ ముందే చెప్పేశారు కాబట్టి ఊరూరా ఎవరి వంతు ఎంతో లెక్కేసుకోగలిగారు. నిధి కోటి దాటింది. డబ్బు పోగుచేసే పనిలో ఈ రెండు పద్ధతులూ ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి. ఒకటి మనుషుల్ని ఆకర్షిస్తుంది, రెండోది ఎంత కావాలో తేల్చి చెబుతుంది. మొదటిది ఒక్కటే ఉంటే ఆ రోజు సందడి బాగుంటుంది, మర్నాటికి లెక్క తేలదు.

ఇలా లెక్క తేలక ఇబ్బంది పడిన పెద్ద ఉదాహరణ 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందపు జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీ. టికెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు చేరాయి. ఆ తర్వాత రికార్డులు, సినిమా మీద వచ్చిన ఎన్నో రెట్ల డబ్బు మాత్రం అమెరికా పన్ను శాఖతో వివాదంలో ఏళ్ల తరబడి ఇరుక్కుంది. కచేరీని ముందుగానే ధర్మకార్యంగా నమోదు చేయించకపోవడమే కారణం. అంత పేరున్నవాళ్లకే ఈ చిక్కు వచ్చిందంటే, పదిమంది స్నేహితులు కలిసి మొదలుపెట్టే ప్రాజెక్టు కాగితాల పనిని చివరికి వాయిదా వేయడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు.

చిన్నగా మొదలై నిలబడ్డ ఉదాహరణ కూడా ఉంది. ఆన్ కాటన్ అనే బ్రిటిష్ మహిళ 1991లో జింబాబ్వే వెళ్లారు. పల్లెల్లో ఆడపిల్లలు బడికి రాకపోవడానికి తల్లిదండ్రులకు ఇష్టం లేకపోవడం కారణమని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఆమె తల్లిదండ్రులతో మాట్లాడితే తేలింది వేరు. వాళ్ల దగ్గర డబ్బు లేదు. ఒక్కరినే పంపగలిగితే, రేపు ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువని మగపిల్లవాణ్ని పంపుతున్నారు. ఆమె ఇంగ్లండు తిరిగెళ్లి, కేంబ్రిడ్జి సంతలో ఇంట్లో చేసిన కేకులు అమ్మి డబ్బు కూడబెట్టారు. 1993లో 32 మంది అమ్మాయిలతో మొదలైన ఆ పని క్యామ్‌ఫెడ్ అనే సంస్థగా మారి జింబాబ్వే, జాంబియా, ఘనా, టాంజానియా, మలావీ అనే ఆఫ్రికా దేశాల్లో నడుస్తోంది. కేకులు ఎన్నో చోట్ల ఎంతోమంది అమ్ముతారు. ఈ ప్రయత్నం నిలబడటానికి కారణం ఆమె అమ్మకం మొదలుపెట్టకముందే ఆ ఊళ్లో పిల్లల్ని ఆపుతున్నదేమిటో తెలుసుకుని రావడం.

గుంటూరు ఒకప్పుడు తీసుకునే వైపు ఉండేది

దూరదేశపు పిల్లల కోసం ఇక్కడెందుకు చందాలు అని అడిగేవాళ్లు గుంటూరు చరిత్ర ఒకసారి తిరగేయాలి. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరింది 1842లో. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. ఆమెను పంపింది అమెరికాలోని లూథరన్ స్త్రీల సంఘం. మొదట ఆమెకు అప్పగించిన పని వైద్యం కాదు, పరదా చాటున ఉండే స్త్రీల మధ్య పనిచేయడం. 1898లో తెరిచిన ఆస్పత్రి ఆ తర్వాతి సంగతి. గుంటూరును ఎన్నడూ చూడని స్త్రీలు సముద్రాల అవతల కూర్చుని కూడబెట్టిన డబ్బు అది.

ఆ డబ్బు వెంట మతప్రచారం కూడా వచ్చింది. దాతకు ఒక ఉద్దేశం, తీసుకునేవాళ్లకు ఒక అవసరం ఉండటం ఏ కాలంలోనైనా ఉన్నదే. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో ఆడవాళ్ల చదువు కోసం స్థాపించిన శారదా నికేతనం ఇక్కడే పుట్టిన ప్రయత్నం. బయటి డబ్బు, లోపలి పూనిక రెండూ ఒకే ఊళ్లో పక్కపక్కన నడిచాయి. ఈరోజు మలావీకో నేపాల్‌కో డబ్బు పంపాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది అక్కడ లక్ష్మీబాయమ్మ లాంటివాళ్లు ఎవరున్నారని. అక్కడివాళ్లు నడిపే సంస్థ లేకపోతే పంపిన డబ్బును మోసేవాళ్లు ఉండరు.

ఒక్క బొంతలో ఎంత మిగులుతుంది

ఇక లెక్కలోకి వెళ్దాం. కింది అంకెలు వివరించడానికి అనుకున్నవే. ఎవరి ప్రాజెక్టుకు తగ్గట్టు వాళ్లు మార్చుకోవచ్చు.

పాత నేత చీరలు ఇళ్లలో ఊరికే దొరుకుతాయి. బొంత కుట్టడానికి ఆరు రోజులు పడుతుందనుకుందాం. రోజుకు 400 చొప్పున కూలి 2,400. దారం, అస్తరు, ఉతుకు కలిపి 200. ప్యాకింగ్, కొరియర్ 250. మొత్తం ఖర్చు 2,850. అమ్మకం ధర 3,500 అయితే మిగిలేది 650 రూపాయలు.

అక్కడ ఒక అమ్మాయి హైస్కూలు చదువుకు ఏడాదికి 20,000 రూపాయలు, నాలుగేళ్లకు 80,000 అవుతాయనుకుంటే ఒక్క అమ్మాయికి 124 బొంతలు కావాలి. అంటే 744 రోజుల పని. ఈ అంకె చూసి చాలామంది గుండె జారిపోతుంది.

అదే బొంత 5,000కు అమ్ముడైతే మిగిలేది 2,150. అప్పుడు 38 బొంతలు చాలు. ధర ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, పని మాత్రం మూడో వంతుకు తగ్గిపోయింది. సృజన చేసే అసలు పని ఇక్కడుంది. రంగుల పొందిక, అంచుల దగ్గర మంగళగిరి నిజాం అంచు ముక్కను వాడిన తీరు, కుట్టు వరస తప్పకపోవడం, ఏ చీర ఎవరిదో చిన్న చీటీ మీద రాసి పెట్టడం లాంటివే ఆ 1,500 తేడాను తెస్తాయి. కొనేవాళ్లు జాలితో ఒక్కసారే కొంటారు. నచ్చితే పెళ్లికి కానుకగా ఇంకొకటి అడుగుతారు. "మంచి పని కోసం కదా, కాస్త అటూ ఇటూ ఉన్నా పర్లేదు" అనుకుని నాసిగా కుట్టిన బొంత ప్రాజెక్టుకే ముప్పు.

మిగతా రూపాల లెక్కలు వేరుగా ఉంటాయి. క్యాలెండర్‌లో ప్లేట్లు, డిజైన్ ఖర్చు 300 కాపీలకైనా 1,000 కాపీలకైనా ఒకటే కాబట్టి ఎక్కువ అచ్చు వేస్తే కాపీ ఖర్చు తగ్గుతుంది. అచ్చు పనికి విజయవాడలో కొదవ లేదు. అయితే సంక్రాంతి దాటితే క్యాలెండర్‌ను ఎవరూ తాకరు, మిగిలిన కట్టలు చిత్తుకాగితాల కొట్టుకే. నాట్య ప్రదర్శనలో హాలు అద్దె, సౌండ్, లైటింగ్, పక్కవాద్యాలకే టికెట్ల డబ్బు చాలావరకు పోతుంది. నిర్వాహకులను గట్టెక్కించేది మామూలుగా సావనీర్‌లో వేసే ప్రకటనలు. కొండపల్లి బొమ్మ అయితే ఎక్కడైనా గుర్తుపడతారు, చిన్నది, పంపడం తేలిక. తెల్ల పొణికి చెక్క మీద నిపుణులు చేసే పని అది. వాళ్ల దగ్గర కొని అమ్మితే మధ్యలో మిగిలేది తక్కువే, కానీ వస్తువు గురించి టెన్షన్ ఉండదు.

ఉచితంగా కుట్టించుకోవచ్చా

ఎవరైనా వెంటనే అడిగేది, కూలి లేకుండా వాలంటీర్లతో కుట్టిస్తే అని. నిజమే, అప్పుడు 3,500 ధరకే ఒక్కో బొంతలో 3,050 మిగులుతుంది, 27 బొంతలతో పని అయిపోతుంది. ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్లు, కాలేజీ పిల్లలు తమ ఇష్టంతో సెలవుల్లో కుట్టిపెడితే అందులో తప్పేమీ లేదు. వాళ్లు తమ సమయాన్ని విరాళంగా ఇస్తున్నారు.

మొఘల్రాజపురం కొండ మీదో, సింగ్‌నగర్‌లోనో కుట్టుపని మీద బతికే ఆవిడను "సేవ కోసం కదమ్మా, సగం కూలికి చేసిపెట్టు" అని అడిగితే సంగతి పూర్తిగా మారుతుంది. ఆ 2,400 పోయేది ఆవిడ ఇంటి ఖర్చులోంచి. ఆవిడకీ చదువుకునే కూతురు ఉండొచ్చు. ఒక దేశపు అమ్మాయి ఫీజును ఇంకో దేశపు అమ్మాయి తల్లి చేత కట్టించినట్టు అవుతుంది.

మన తీరంలోనే దీనికి పాత సాక్ష్యం ఉంది. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లికను పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పారు, తర్వాత అది ఎగుమతి వ్యాపారంగా మారింది. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో ప్రచురించారు. అల్లేవాళ్లను గృహిణులుగా, వాళ్ల పనిని తీరికవేళ కాలక్షేపంగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె తేల్చారు. గంటల తరబడి కళ్లు పోయేలా అల్లిన పనికి "తీరిక పని" అనే పేరే ధర తగ్గించింది. ఆడపిల్లల చదువు పేరుతో చేసే ప్రాజెక్టు అదే దారి తొక్కితే క్షమించడం కష్టం. బొంత చీటీ మీద కుట్టుకూలి ఎంతో కూడా రాస్తే ఈ ప్రశ్న మొదట్లోనే తేలిపోతుంది.

డబ్బు దేశం దాటే దారి

ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. చాలామంది "విదేశీ విరాళం" అనగానే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అంటారు. ఆ చట్టం చూసేది బయటి నుంచి లోపలికి వచ్చే డబ్బును. లోపలి నుంచి బయటికి వెళ్లేదాన్ని ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం), రిజర్వు బ్యాంకు నిబంధనలు చూస్తాయి.

వ్యక్తులకు ఉన్న దారి ఎల్ఆర్ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్), అంటే విదేశాలకు సొంత డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు స్కీమ్. 2004లో 25,000 డాలర్ల పరిమితితో మొదలైన ఈ స్కీమ్‌లో ఇప్పుడు ఒక్కో వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. విదేశీ ధార్మిక సంస్థలకు విరాళం ఇవ్వడం కూడా ఇందులోకి వస్తుంది. పాన్, ఫారం ఏ2 (డబ్బు ఎందుకు పంపుతున్నామో బ్యాంకుకు రాసిచ్చే దరఖాస్తు) కావాలి. విదేశాల్లోని ధార్మిక సంస్థలకు ఇచ్చే విరాళాలకు ఎస్1303 అనే ప్రత్యేక కోడ్ ఉంది. తప్పు కోడ్ వేస్తే తర్వాత సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఎల్ఆర్ఎస్ కింద ఏడాదిలో పంపినది 10 లక్షలు దాటితే, దాటిన విరాళం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. చిన్న ప్రాజెక్టులకు ఆ గడప తగలదు.

ఎల్ఆర్ఎస్ వ్యక్తులకే. ట్రస్టు, సొసైటీ, భాగస్వామ్య సంస్థ దాన్ని వాడుకోలేవు. పైగా ధార్మిక ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే మామూలుగా పన్ను మినహాయింపు ఉండదు. భారత్‌కు ఆసక్తి ఉన్న అంతర్జాతీయ సంక్షేమం కోసమై, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆదేశం ఉంటేనే ఉంటుంది. విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చిన విరాళానికి 80జీగా అందరికీ తెలిసిన ఆదాయపు పన్ను రాయితీ రాదు. "మా రసీదుకు 80జీ ఉంది, డబ్బు మాత్రం ఆఫ్రికాకు వెళ్తుంది" అని ఎవరైనా అంటే ఆ రెండూ ఎలా పొసిగాయో ఆగి అడగాలి.

మరి నలుగురి దగ్గరా పోగుచేసి ఒకరి ఖాతా నుంచి పంపితే? స్నేహితుల బృందాలు చేసేది ఇదే, చిక్కుపడేదీ ఇక్కడే. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఊరికే వస్తే ఆ మొత్తం ఖాతాదారు ఆదాయంగా పన్నుకు లోబడుతుంది. వస్తువు అమ్మి తీసుకున్న డబ్బు అయితే అది అమ్మకం. ఖర్చులు తీసేయగా మిగిలింది లాభం, దానికి పన్ను లెక్క కట్టాల్సిందే. అందుకే బొంత ధర వేరుగా, అదనపు విరాళం వేరుగా చూపించి బిల్లు రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. మంచి పనికని వచ్చిన డబ్బు, ఇంటి కరెంటు బిల్లు, పాల డబ్బులు ఒకే ఖాతాలో కలిసిపోతే ఆరు నెలల తర్వాత నిజాయితీపరులకు కూడా లెక్క చెప్పడం కష్టమవుతుంది.

నేపాల్ సంగతి వేరు. నేపాల్, భూటాన్ వాసులతో లావాదేవీలకు మన నిబంధనలు విదేశీ మారకాన్ని అనుమతించవు, రూపాయల్లోనే జరగాలి. ఇండో-నేపాల్ రెమిటెన్స్ స్కీమ్ కింద నెఫ్ట్ ద్వారా పంపే పరిమితిని రిజర్వు బ్యాంకు 2021లో 50,000 నుంచి 2 లక్షలకు పెంచింది. డాలర్ మార్పిడి బెడద లేకపోవడం ఇందులో మేలు.

ఆఫ్రికాకు పంపేటప్పుడు బ్యాంకు రుసుము, మారకం రేటులో తేడా రెండూ తగులుతాయి. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం సబ్-సహారా ఆఫ్రికాకు డబ్బు పంపడానికయ్యే ఖర్చు మిగతా ప్రాంతాలకన్నా ఎక్కువ. రుసుములో కొంత భాగం పంపే మొత్తం ఎంతైనా మారదు. అందుకని నెలనెలా 5,000 పంపేకన్నా బడి తెరిచే ముందు ఏడాదికి ఒకసారి పంపితే అమ్మాయికి దక్కేది పెరుగుతుంది.

ఎన్నారై కొంటే

ఇటువైపు ఊళ్లలో అమెరికాలో బంధువులు లేని వీధి అరుదు. బొంత ఫొటో చూసి డాలస్ నుంచి ఎవరో డబ్బు వేస్తామంటారు. మామూలు వ్యాపార పద్ధతిలో వస్తువుకు ధరగా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. వస్తువు లేకుండా ఇక్కడి ట్రస్టు ఖాతాకు ఇస్తే, ఇచ్చిన మనిషి పాస్‌పోర్టు చూడాలి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై సొంత డబ్బు అయితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో వచ్చేవాళ్లు చట్టం దృష్టిలో విదేశీ వనరు, అంటే వాళ్లిచ్చేది విదేశీ విరాళమే, అప్పుడు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేని ట్రస్టు ఆ డబ్బు ముట్టుకోకూడదు. మనిషి ఒకరే, మాట్లాడేది గుంటూరు తెలుగే, పాస్‌పోర్టు మారితే నియమం మారుతుంది.

ఇన్ని మలుపులు చూశాక తేలికైన ఒక పద్ధతి కనిపిస్తుంది. ఇక్కడి కుట్టుపనివాళ్లకు పూర్తి కూలి, కొద్దిపాటి లాభం వచ్చే ధరకు బొంతలను ఎగుమతి చేసి, అమెరికా లాంటి దేశంలో నమోదైన సేవాసంస్థ వాటిని అక్కడ ఎక్కువ ధరకు అమ్ముకుని, ఆ తేడాను అమ్మాయిల చదువుకు వాడటం. అప్పుడు విరాళం మన దేశం దాటాల్సిన పనే ఉండదు. డాలర్ ఇటే వస్తుంది. చిన్న ఎగుమతిదారుల కోసం తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు నడుపుతోంది. దిగుమతి-ఎగుమతి కోడ్ తీసుకోవాలి. ఇందులోనూ ఒక ఇబ్బంది వచ్చింది. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి తీసేసింది. కొనేవాళ్ల మీద పడే ఆ భారాన్ని కలుపుకునే ధర వేయాలి.

అక్కడ ఏ ఖర్చు అమ్మాయిని ఆపుతోంది

యునెస్కో లెక్కల్లో ప్రపంచంలో 12 కోట్లకు పైగా బాలికలు బడి బయట ఉన్నారు. వాళ్లందరినీ ఆపుతున్నది ఒకటే కాదు. మలావీ 1994లో, ఉగాండా 1997లో, కెన్యా 2003లో ప్రాథమిక విద్యకు ఫీజులు ఎత్తేశాయి. అయినా యూనిఫాం, నోటు పుస్తకాలు, శానిటరీ ప్యాడ్లు, హైస్కూలు దూరం మిగిలే ఉన్నాయి. చదువు ఉచితమని కాగితం మీద ఉన్నా పిల్ల ఇంట్లో ఎందుకుండిపోతుందో ఇక్కడి తల్లులకు వేరుగా చెప్పక్కర్లేదు.

దూరం సంగతే తీసుకుంటే, బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో హైస్కూలు వయసు బాలికల చేరికలు 32 శాతం పెరిగాయని, అబ్బాయిలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందని తేలింది. ఆ ఆలోచనను తర్వాత జాంబియాలోనూ పరీక్షించారు, అక్కడ అమ్మాయిల గైర్హాజరు తగ్గింది. కెన్యాలో పై తరగతుల పిల్లలకు ఉచిత యూనిఫాం ఇస్తే అమ్మాయిలు చదువు మానేయడం, చిన్న వయసులో గర్భం దాల్చడం రెండూ తగ్గినట్టు మరో అధ్యయనం చూపింది. సైకిలు, యూనిఫాం లాంటివి ఒక్కసారి కొనేవి. ఒక సీజన్ అమ్మకంతో వచ్చే డబ్బుకు ఇవి బాగా అతుకుతాయి. ఫీజు, హాస్టల్ లాంటివి ఏళ్ల తరబడి కట్టాల్సినవి.

అఫ్గానిస్థాన్‌లో ఈ లెక్కలేవీ పనిచేయవు. 2021 ఆగస్టులో తాలిబాన్లు వచ్చాక బాలికల హైస్కూళ్లు తెరుచుకోలేదు, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూసేశారు. అక్కడ అడ్డు ఫీజు కాదు, హుకుం. డబ్బుతో ఆన్‌లైన్ తరగతులకో, బయటి దేశంలో చదువుకో సాయపడగలరు తప్ప బడి తలుపు తీయించలేరు. పోస్టర్ మీద అఫ్గాన్ అమ్మాయి పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లు అది ఏ తరగతికి, ఏ దారిలో వెళ్తుందో చెప్పగలగాలి.

నలుగురికి ఏడాదా, ఒకరికి నాలుగేళ్లా

చేతిలో 80,000 ఉంటే పోస్టర్‌కు "నలుగురు అమ్మాయిలు" అన్న మాటే బాగుంటుంది. మరుసటి ఏడాది అమ్మకం పడిపోతే ఆ నలుగురూ తొమ్మిదో తరగతిలోనే ఆగిపోతారు. ఆశపెట్టి మధ్యలో వదిలేస్తే ఆ పిల్ల ఇంట్లో, ఊళ్లో ఎదుర్కొనే మాటలు ఇక్కడ ఎవరికీ వినపడవు. ఒకరికి నాలుగేళ్ల డబ్బు పక్కన పెట్టాకే రెండో పేరు తీసుకోవడం నెమ్మదిగా అనిపించినా సరైన పద్ధతి.

పక్కన పెట్టిన డబ్బు విలువ కూడా ఊరికే ఉండదు. 2022 జనవరిలో డాలరు 75 రూపాయల లోపు ఉంది, 2025 చివరికి 90 దాకా వచ్చింది. మలావీ రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో తన కరెన్సీ విలువ తగ్గించినప్పుడు డాలరు సుమారు 1,180 క్వాచాల నుంచి 1,700కు ఎగబాకింది. అక్కడ ధరలూ దాని వెంటే పెరుగుతాయి. నాలుగేళ్ల లెక్క వేసేటప్పుడు నాలుగో ఏటి ఫీజు మొదటి ఏటి ఫీజులాగే ఉంటుందని అనుకోకూడదు.

అమ్మాయి ఫొటో బొంత చీటీ మీద వేయాలా అన్నది ఇంకో ప్రశ్న. వేస్తే అమ్మకం పెరగవచ్చు. ఆ పిల్ల మాత్రం తన పేదరికానికి బొమ్మగా తెలియని ఇళ్లకు చేరుతుంది, అదీ మైనర్‌గా ఉన్నప్పుడు. ఊరి పేరు, తరగతి, ఏ ఖర్చుకో చెబితే చాలు. ఒక్కో దాతకు ఒక్కో పిల్లను కట్టబెట్టేకన్నా బడి, తల్లిదండ్రులు కూర్చుని ఎంపిక చేసే పద్ధతి మేలు. ఇంట్లో ఒకరికి వచ్చి చెల్లెలికి రాకపోతే జరిగే గొడవ వాళ్లకే తెలుసు.

"ఇంట్లో ఈగల మోత"

బయటి దేశం మాట ఎత్తగానే వచ్చే ఎత్తిపొడుపు ఇది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతం. బడి మానేసిన పిల్లను వెతకడానికి విమానం ఎక్కాల్సిన పనిలేదు.

అయితే ఇక్కడి పిల్లల వెనక ఒక ప్రభుత్వం ఉంది. తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకాలు, కస్తూర్బా విద్యాలయాలు, మధ్యాహ్న భోజనం ఉన్నాయి. ఇక్కడ తరచూ కావాల్సింది ఆ పిల్ల ఇంటికి వెళ్లి పెళ్లి ఆపగలిగే మనిషి, ఆ పని బొంత అమ్మితే జరగదు. కొన్ని దేశాల్లో ఖజానాయే బక్కచిక్కి ఉంటుంది, అక్కడ సైకిలుకైనా యూనిఫాంకైనా బయటి రూపాయి అవసరం. రెండు అవసరాలూ నిజమే, వాటికి కావాల్సినవి వేరు. కుట్టేవాళ్లకు పూర్తి కూలి ఇచ్చే ప్రాజెక్టు ఈ ఎత్తిపొడుపుకు సగం జవాబు ముందే చెప్పేసినట్టు, ఎందుకంటే అందులో పెద్ద వాటా ఇక్కడి ఇంటికే వస్తుంది. పైన వేసిన లెక్కలో 3,500 రూపాయల బొంతలో సింగ్‌నగర్ ఇంటికి చేరేది 2,400, మలావీ కోసం మిగిలేది 650.

ఈ రెండు అంకెలూ పోస్టర్ మీద పక్కపక్కన వేయడానికి నిర్వాహకులు మామూలుగా వెనకాడతారు, 650 చూసి జనం చిన్నబుచ్చుకుంటారేమోనని. వేసి చూడాలి. వాటి కింద డబ్బు పంపిన తేదీ, బ్యాంకు కాగితం నంబరు, అక్కడి బడి ఇచ్చిన రసీదు వచ్చే ఏడాది చీటీ మీద చేరితే, రెండో బొంత అడిగేవాళ్లు దాన్ని చూసే అడుగుతారు.